ఊట మీద హక్కు ఎవరిది?

నీళ్ల గురించి మనం తక్కువేమీ మాట్లాడుకోలేదు. నదీజలాల పంపకం, ప్రాజెక్టుల కింద మునిగిపోయే ఊళ్లు, నల్గొండ ఫ్లోరైడు, బోర్లు ఎండిపోయి ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్లలో మిగిలిన ఆడవాళ్లు - వీటన్నిటి గురించి మన సభల్లోనూ, పత్రికల్లోనూ చర్చ జరుగుతూనే ఉంది. కానీ కొండ ఊట గురించి ఎప్పుడైనా ప్రత్యేకంగా మాట్లాడుకున్నామా? నాకు గుర్తున్నంతవరకు లేదు. ఊట నది కాదు, చెరువు కాదు, తవ్విన బావి కూడా కాదు. రెండు బండల మధ్య నుంచి బొటనవేలంత లావున వచ్చే నీటి ధార. చాలాచోట్ల దానికి సర్వే నంబరు లేదు, రికార్డుల్లో పేరు లేదు. ప్రభుత్వం దృష్టిలో అది అడవిలో ఉన్న నీళ్లు, అంతే. అయినా మన తూర్పు కనుమల్లో, ముఖ్యంగా విశాఖ మన్యంలో, ఎన్నో ఆదివాసీ గూడేలు తరతరాలుగా దాని మీదే బతుకుతున్నాయి. గూడెం ఎక్కడ కట్టుకోవాలో నిర్ణయించిందే ఊట.

ఇది చిన్న విషయం కాదు. 2018లో నీతి ఆయోగ్ వెలువరించిన ఒక నివేదిక, దేశంలో దాదాపు 50 లక్షల ఊటలు ఉన్నాయని, అందులో 30 లక్షల దాకా హిమాలయ ప్రాంతంలోనే ఉన్నాయని అంచనా వేసింది. హిమాలయాలు, తూర్పు కనుమలు, పశ్చిమ కనుమలు, ఆరావళి కొండలు అన్నీ కలిపి సుమారు 20 కోట్ల మంది ఏదో ఒక రూపంలో ఊటల మీద ఆధారపడుతున్నారని చెప్పింది. హిమాలయాల్లోని ఊటల్లో దాదాపు సగం ఎండిపోతున్నాయని కూడా అదే నివేదిక హెచ్చరించింది. ఇరవై కోట్ల మంది అంటున్నాం కానీ, ఆ నీటిని మోసి ఇంటికి తెచ్చేది ఎవరు అన్న ప్రశ్న వేసుకుంటే ఇది మన పత్రిక విషయం ఎందుకయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంపాదకీయంలో ఒక ఊట గురించి, దాని చుట్టూ ఉన్న మూడు గూడేల గురించి రాస్తాను. అనంతగిరి కొండల్లోని ఆ ఊరి పేరు రాయడం లేదు. అక్కడి స్త్రీలు పెట్టుకున్న దరఖాస్తు ఒకటి ఇంకా తేలలేదు. పేరు బయటపెట్టి వాళ్లకు కొత్త చిక్కులు తేవడం నాకు ఇష్టం లేదు.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సోషియాలజీలో డాక్టరేట్ కోసం పరిశోధన చేస్తున్న రోజుల్లో మొదటిసారి ఆ కొండ ఎక్కాను. అటవీ హక్కుల చట్టం గురించి ఊళ్లలో అప్పుడప్పుడే మాట్లాడుకుంటున్న సమయం అది. పోడు భూములకు పట్టాలు ఎవరి పేరున వస్తున్నాయన్నది నా ప్రశ్న. ఇంటింటికీ తిరిగి ప్రశ్నావళి నింపుకున్నాను. అందులో 'నీళ్లు తేవడం' అన్నది ఇంటి పనుల గడిలో ఒక చిన్న టిక్కు. దాని పక్కనే వంట, ఇల్లు ఊడవడం, పిల్లల్ని చూసుకోవడం. వాళ్లతో కలిసి రోజూ ఊట దగ్గరకు వెళ్లినా, అక్కడే స్నానం చేసినా, నేను అడిగిన భూమి ప్రశ్నలన్నిటికీ జవాబులు అక్కడే దొరికినా, ఆ ఊట కూడా భూమి లాంటి వనరేననీ, దాని మీదా హక్కు ప్రశ్న ఉందనీ నాకు తట్టలేదు. చదువుకున్న స్త్రీవాదిని కదా, చాకిరీని చూడగలిగాను. ఆ చాకిరీ చేసేవాళ్లకే ఆ వనరు గురించిన జ్ఞానం, దాని నిర్వహణ కూడా తెలుసునన్నది చూడలేకపోయాను.

ఊట ఎలా పుడుతుందో కాస్త తెలుసుకుంటే తర్వాతి కథ బాగా అర్థమవుతుంది. కొండ మీద పడిన వాన నీరు మట్టిలోకి, చివికిన రాతిలోకి, రాతి పగుళ్లలోకి ఇంకుతుంది. లోపల గట్టి పొర అడ్డం తగిలితే ఆ పొర వెంబడే జారి, కొండ వాలులో దారి దొరికిన చోట బయటికి వస్తుంది. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అంటారు. ఆ కొండల్లో ఉండే ఖోండు ఆదివాసుల పేరే దానికి పెట్టారు. రాయికి వాళ్ల పేరు దక్కింది కానీ, ఆ రాతిలోంచి వచ్చే నీటి మీద వాళ్లకు కాగితం దక్కలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నీళ్లు బయటికి వచ్చే చోటు వేరు, నీళ్లు ఇంకే చోటు వేరు. ఇంకే చోటు ఊటకు చాలా పైన ఉండవచ్చు. రాతి పొరల వాలును బట్టి కొండకు అవతలి పక్కన కూడా ఉండవచ్చు. కాబట్టి ఊట చుట్టూ సిమెంటు గోడ కట్టినంత మాత్రాన ఊటను కాపాడినట్టు కాదు. పైన అడవి కొట్టేస్తే, కొండను తవ్వితే, కింద ఎంత మంచి ట్యాంకు కట్టినా అందులోకి నీళ్లు రావు. ఈ సంగతి ఆ గూడెం ముసలమ్మలకు తెలుసు. పై కొండ మీద ఫలానా చోట చెట్టు కొట్టకూడదని, అక్కడ దేవత ఉందని వాళ్లు చెబుతూ వచ్చారు. మనం దాన్ని నమ్మకం అని నోట్సులో రాసుకున్నాం.

ఇక ఆ మూడు గూడేల సంగతి. ఒకటి ఊటకు పైన ఉంది. ఏడెనిమిది ఇళ్లు. రెండోది ఊటకు కొంచెం దిగువన. మూడోది బాగా కింద, రోడ్డు పక్కన. బడి, అంగన్‌వాడీ, రేషన్ డిపో అక్కడే. మూడూ కలిపి నూట నలభై మంది పైచిలుకు. పైన ఉన్నది ఖోండుల గూడెం. కింద రోడ్డు పక్కన ఇతర తెగలవాళ్లూ ఉన్నారు. వీళ్ల కోసం కొన్నేళ్ల కింద ఒక మంచినీటి పథకం మంజూరయింది. ఊట దగ్గర సిమెంటు పెట్టె కట్టి, పైపు వేసి, మోటారు అవసరం లేకుండా వాలు మీదే నీళ్లు కిందికి తెచ్చే గ్రావిటీ పథకం. కరెంటు ఖర్చు లేదు, మరమ్మతులు తక్కువ. కొండ ప్రాంతాలకు ఇది మంచి పద్ధతే. విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి వంటి సంస్థలు ఈ ప్రాంతంలో ఈ పని చాలాకాలంగా చేస్తున్నాయి. అందుచేత నా విమర్శ పద్ధతి మీద కాదు, దాన్ని అమలు చేసిన తీరు మీద.

పథకం కొలతలకు వచ్చిన ఉద్యోగి అక్టోబరులో వచ్చాడు. వానలు అప్పుడే వెనకబట్టాయి. ఊట నిండుగా ఉంది. బిందె పెట్టి చూస్తే నిమిషంలో నిండింది. లెక్క రాసుకుని వెళ్లిపోయాడు. తర్వాత జరిగిన ఊరి సమావేశంలో ఆ లెక్క చదివారు. రచ్చబండ దగ్గర మగవాళ్లు కూర్చున్నారు. ఆడవాళ్లు దూరంగా, గోడ పక్కన నిలబడ్డారు. ఇలాంటి పథకాల్లో గ్రామ నీటి కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలన్నది జల జీవన్ మిషన్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ ఊళ్లో కూడా కాగితం మీద ఉన్నారు. తమ పేర్లు ఆ కాగితంలో ఉన్నాయని వాళ్లలో ఒకరికి కూడా తెలియదని తర్వాత తెలిసింది. సమావేశం ముగుస్తుండగా పై గూడెం నుంచి వచ్చిన ఒక పెద్దామె ఒకే ఒక్క మాట అడిగింది.

"ఈ నీళ్లు ఏ నెల్లో కొలిచారు బాబూ?"

జవాబు రాలేదు. ఎవరో మగవాళ్లు "నువ్వూరుకోవే" అన్నారు. సమావేశం అయిపోయింది.

ఆమె అడిగిన ప్రశ్నలో ఎంత లెక్క ఉందో చూడండి. పదిహేను లీటర్ల బిందె నిమిషంలో నిండితే రోజుకు 21,600 లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్లు అన్న ప్రభుత్వ ప్రమాణం ప్రకారం దాదాపు 390 మందికి సరిపోతుంది. నూట నలభై మందికి ఇంకేం కావాలి? కానీ ఇటుకల పండుగ దాటేసరికి ఆ ఊట సన్నబడుతుంది. మే నెలలో అదే బిందె నిండడానికి ఆరు నిమిషాలు పడుతుంది. అంటే రోజుకు 3,600 లీటర్లు. అవి 65 మందికే సరిపోతాయి. మిగతావాళ్ల సంగతేమిటి? పథకం గీసినప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ నీటి కోసం మే నెలలో తెల్లవారుజామున మూడు గంటలకు వెళ్లి వరుసలో కూర్చునేవాళ్లకు మాత్రమే వచ్చింది. వాళ్లను ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. గ్రావిటీ పథకంలో నీళ్లు కిందికే వస్తాయి, పైకి ఎక్కవు. ఊటకు పైన ఉన్న గూడేనికి ఆ పథకంలో కుళాయి లేదు. వాళ్లు ఎప్పటిలాగే దిగివచ్చి మోసుకెళ్లాలి. అయితే ఎప్పటిలాగా కూడా మిగల్లేదు. ఊట మీద సిమెంటు పెట్టె కట్టి, మూత వేసి, తాళం పెట్టారు. పైపులోకి పోగా పొర్లిన నీళ్లే వాళ్లవి. ఎండాకాలంలో పొర్లేదేమీ ఉండదు. పథకం రాకముందు ఆ నీళ్లలో వాళ్లకూ సమాన వాటా ఉండేది.

ఆ పెట్టె కట్టడానికి ఇసుక, సిమెంటు, కంకర ఎలా వెళ్లాయి? అక్కడికి బండి పోదు. ఆడవాళ్లు తలచుట్ట పెట్టుకుని మోశారు. కొండ ప్రాంతాల్లో, ఆదివాసీ గ్రామాల్లో పథకం ఖర్చులో అయిదు శాతం ప్రజల వాటా ఉండాలన్నది నియమం. దాన్ని శ్రమ రూపంలో కూడా ఇవ్వవచ్చు. ఇక్కడ శ్రమ ఆడవాళ్లది. రిజిస్టరులో వాటా ఇచ్చినట్టు రాసింది మాత్రం ఇంటి యజమానుల పేర్లు. పై గూడెం స్త్రీలు కూడా ఇసుక మోశారు. తమకు కుళాయి రాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

రెండో వేసవిలో గొడవ జరిగింది. రోడ్డు పక్క గూడెంలో కుళాయిలు ఎండిపోయాయి. పైన ఎవరో నీళ్లు మళ్లించుకుంటున్నారని అక్కడి స్త్రీలు కొండెక్కారు. చూస్తే పెట్టె మూత పగిలి ఉంది. పై గూడెం వాళ్లు పగలగొట్టారు, నిజమే. బిందె మునిగే చోటు లేకుండా చేస్తే ఇంకేం చేస్తారు? మాటా మాటా పెరిగింది. జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఒకామెకు చేయి విరిగింది. ఆ పెద్దామె కోడలు అప్పుడు ఏడో నెల గర్భిణి. పెనుగులాటలో పడిపోయింది. అదృష్టవశాత్తూ బిడ్డకు ఏమీ కాలేదు. ఆ రాత్రి ఆమెను డోలీలో కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. మర్నాడు పెద్దమనుషులు కూర్చుని పంచాయితీ చేశారు. పరువు తీశారని రెండు పక్షాల ఆడవాళ్లకూ జరిమానా వేశారు. అక్టోబరు లెక్కకు మాత్రం జరిమానా లేదు.

ఈ గొడవ గురించి విన్నవాళ్లు "ఆడవాళ్లే ఆడవాళ్లకు శత్రువులు" అన్నారు. ఈ మాట మనకు కొత్త కాదు. అత్తాకోడళ్ల గురించి, వరకట్న హత్యల గురించి చెప్పినప్పుడు కూడా ఇదే మాట విన్నాం. నీళ్లు చాలని చోట పంపకం ఒకరు నిర్ణయిస్తారు, ఆ పంపకం వల్ల వచ్చే తగాదా మాత్రం ఆడవాళ్లు పడాలి. ఎందుకంటే బిందె పట్టుకుని అక్కడ నిలబడేది వాళ్లే. మగవాళ్లు నీళ్లు మోస్తే ఈ తగాదా ఇంజనీరు ఆఫీసులో జరిగేది.

మగవాళ్లు మోయరు కాబట్టి ఆ చాకిరీ లెక్కలోకి రాదు. దేశవ్యాప్తంగా మొదటిసారి 2019లో జరిగిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో స్త్రీలకు పది నిమిషాలు తగ్గితే, పురుషులు కూడా తమకున్న కాస్తలో తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! ఇవి దేశం మొత్తానికి సగటులు. నిటారు కొండ మీద తడి రాళ్ల దారిలో నెత్తిన పదిహేను లీటర్లతో నడిచే నిమిషమూ, నగరంలో కుళాయి తిప్పే నిమిషమూ సగటులో ఒకటే. తొమ్మిదో నెల దాకా మోసి, కాన్పయిన కొద్దిరోజులకే మళ్లీ మోయడం వల్ల గర్భసంచి జారిపోయిన స్త్రీలను ఆ గూడేల్లో చూశాను. నీళ్ల కోసం బడి మానేసిన ఆడపిల్లలను చూశాను. అమ్మ ఊటకు వెళితే చెల్లిని చూసుకోవడానికి మానేసినవాళ్లు ఇంకొందరు.

మరి ఏం చేయాలి? హక్కుల గురించి పనిచేసే మనకు ఇక్కడ ఒక మంచి ఆయుధం ఉంది. చాలామంది దాన్ని గమనించలేదు. నేనూ చాలా ఆలస్యంగానే గమనించాను. 2006 అటవీ హక్కుల చట్టాన్ని మనం ఎక్కువగా పోడు పట్టాల చట్టంగానే చూశాం. ఎకరాలు, సరిహద్దులు, జీపీఎస్ సర్వేలు - మన శక్తంతా అందులోకే పోయింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలన్న నిబంధన కోసం పోరాడాం. అది అవసరమే. కానీ అదే చట్టంలో సామూహిక హక్కులున్నాయి. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. అయిదో సెక్షన్ మరింత స్పష్టంగా ఉంది. పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు, హక్కుదారులకు ఉందని అది చెబుతుంది. అంటే ఊట ఒక్కటే కాదు, ఊటకు నీళ్లు ఇంకే పై కొండ కూడా ఆ అధికారం కిందికి వస్తుంది.

ఈ చట్టం కింద గ్రామసభ జరగాలంటే సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి. హాజరైన వాళ్లలో మూడో వంతు స్త్రీలుండాలి. అటవీ హక్కుల కమిటీలోనూ మూడో వంతు తగ్గకూడదు. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 పెసా చట్టం శివారు గూడేనికి కూడా తన గ్రామసభ తానే జరుపుకునే వీలు కల్పిస్తుంది. దాని అమలుకు మన రాష్ట్రంలో 2011లో నియమాలు కూడా వచ్చాయి. రోడ్డు పక్క పెద్ద ఊరి సభలో గోడ పక్కన నిలబడే స్త్రీ, తన గూడెం సభలో మధ్యలో కూర్చోగలదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. మనం చేయాల్సిందల్లా కాగితాన్ని కొండ ఎక్కించడం.

అంతర్జాతీయంగా కూడా మాటకు కొదవలేదు. గ్రామీణ స్త్రీలకు నీటి సరఫరాతో కూడిన మంచి జీవన పరిస్థితుల హక్కు ఉందని 1979 నాటి స్త్రీల వివక్ష నిర్మూలన ఒడంబడిక పద్నాలుగో అధికరణం చెబుతుంది. భారత ప్రభుత్వం 1993లో దాన్ని ఆమోదించింది. 2010లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ సురక్షితమైన నీటిని మానవ హక్కుగా గుర్తించింది. అయితే హక్కును సరఫరాగా మాత్రమే చూడడంలో ఒక ప్రమాదం ఉంది. "నీకు నీళ్లిస్తాం, నువ్వు పుచ్చుకో" అంటే స్త్రీ లబ్ధిదారు మాత్రమే అవుతుంది. ఊట మీద హక్కు అంటే పుచ్చుకునే హక్కు కాదు. ఎంత, ఎవరికి, ఎప్పుడు అని నిర్ణయించే హక్కు. పై కొండ జోలికి రావద్దని చెప్పే హక్కు.

ఈ చివరి మాట ఎందుకు ముఖ్యమో మన్యం చరిత్ర తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. బొర్రా, నిమ్మలపాడు పరిసరాల్లో ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు చారిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని చెప్పింది. అయినా బాక్సైట్ మీద ఆశ చావలేదు. 2015లో జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని తవ్వకానికి మళ్లిస్తూ జీవో 97 వచ్చింది. పెద్ద ఎత్తున ఆందోళనలు జరిగాయి. చివరికి 2019లో అది రద్దయింది. కొండ నెత్తిన ఉండే ఆ బాక్సైట్ పొరే వాన నీటిని పీల్చుకుని, ఏడాది పొడవునా కిందికి వదులుతుందని ఆదివాసులు మొదటినుంచీ చెబుతూ వచ్చారు. ఒడిశాలోని నియమగిరిలో ఇదే విషయం మీద 2013లో సుప్రీంకోర్టు ఆదేశాలతో 12 గ్రామసభలు జరిగితే, పన్నెండూ గని వద్దన్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో తూర్పు కనుమల్లో పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ ప్రాజెక్టుల ప్రతిపాదనలు వచ్చాయి. వీటికి కొండ పైన ఒక జలాశయం, కింద ఒక జలాశయం కావాలి. అందుకు వ్యతిరేకంగా కూడా ఆదివాసులు రోడ్డెక్కారు. గని అయినా, జలాశయం అయినా, కాగితం మీద ఊట లేకపోతే పోయేదేమీ లేదని రాసేస్తారు. రికార్డులో లేనిదానికి నష్టపరిహారం కూడా ఉండదు.

ఇక ఆ మూడు గూడేల స్త్రీలు ఏం చేశారో చెప్పాలి. గొడవ జరిగిన రెండు నెలల తర్వాత, జరిమానా కోపం చల్లారాక, అంగన్‌వాడీలో పనిచేసే ఒకామె మాట కలిపింది. మూడు గూడేల వాళ్లూ ఊట దగ్గరే కలుసుకున్నారు. మగవాళ్లను పిలవలేదు. మరుసటి మే నెలలో ఒక రాత్రంతా అక్కడే ఉండి, బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. నా చేతి గడియారం వాళ్లకిచ్చాను. నేను చేసిందల్లా అంతే. వాళ్లకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే రాత్రి నీళ్లు ఎవరూ పట్టుకోరు. రాత్రి నీళ్లన్నీ ట్యాంకులో నిలవ చేసి కింది గూడేలకు వదలాలి, పగలు పెట్టె మూత తీసి ఉంచాలి, పై గూడెం వాళ్లు ముందు పట్టుకోవాలి - ఎండాకాలం నాలుగు నెలలకు ఇదీ ఏర్పాటు. పెట్టెకు పైపు కన్నా కింది మట్టంలో ఒక కుళాయి బిగించమని అడిగారు. పెద్ద ఖర్చు కాదు. కానీ మంజూరు లేదన్నారు. వాళ్లే చందాలు వేసుకుని బిగించుకున్నారు.

అంతా సవ్యంగా జరిగిందని నేను చెప్పడం లేదు. ఆ సమావేశంలోనే బహిష్టు సమయంలో ఊట దగ్గరకు రావచ్చా లేదా అన్న వాదన వచ్చింది. రాకూడదని గట్టిగా పట్టుబట్టింది స్త్రీలే. ఫలానా ఇంటివాళ్లు ముందు ముంచితే మేం తాగం అన్నవాళ్లూ ఉన్నారు. ఆదివాసీ సమాజంలో ఇవేవీ ఉండవని మనం అనుకుంటాం, అలా రాస్తాం కూడా. మన మైదాన ప్రాంతాల బావుల దగ్గర దళిత స్త్రీలు ఎవరైనా వచ్చి నీళ్లు పోస్తారేమోనని గంటల తరబడి నిలబడిన చరిత్ర మనకు తెలుసు. 1927లో మహద్ చెరువు నీళ్లు ముట్టుకోవడానికి అంబేద్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. సామూహిక వనరు అన్నంత మాత్రాన అందులో అందరూ సమానం కారు. ఈ ప్రశ్నను వెనక్కి నెట్టి ముందు హక్కు పత్రం సాధిద్దాం అనుకుంటే, ఆ పత్రం వచ్చాక అది ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. ఒంటరి స్త్రీ, విధవ, తెగ బయట పెళ్లి చేసుకున్న స్త్రీ - వీళ్లకు ఊటలో వాటా ఉంటుందా అన్నది ఇప్పుడే అడగాలి. ఆ సమావేశంలో అడిగారు. ఒంటరి స్త్రీల విషయంలో ఒప్పుకున్నారు. బహిష్టు విషయంలో ఒప్పుకోలేదు. మళ్లీ మాట్లాడతామన్నారు.

తర్వాత పై గూడెం గ్రామసభ జరుపుకుంది. సామూహిక హక్కుల కోసం ఫారం బి, సామూహిక అటవీ వనరు కోసం ఫారం సి నింపారు. ఊట, అక్కడి నుంచి పారే గెడ్డ, పైన నీళ్లు ఇంకే కొండ భాగం సరిహద్దులు స్త్రీలే నడిచి చూపించారు. ఏ చెట్టు, ఏ బండ, ఎక్కడ దేవత - అన్నీ రాశారు. కింది రెండు గూడేలకు కూడా నీటి వాటా ఉందని తమ తీర్మానంలో వాళ్లే రాయించారు. ఏ చట్టమూ వాళ్లను అలా రాయమని అడగలేదు. తీర్మానం కింద స్త్రీల వేలిముద్రలే ఎక్కువ. ఆ దరఖాస్తు సబ్ డివిజనల్ కమిటీకి చేరింది. ఒకసారి మ్యాపు సరిగా లేదని తిప్పి పంపారు. మళ్లీ పెట్టారు. ఇప్పటికీ జవాబు లేదు.

ఈ ప్రాంతాల్లో పనిచేస్తున్న మిత్రులను కొన్ని విషయాలు కోరుతున్నాను. మీరు తిరిగే గూడేల్లో ఊటలను నమోదు చేయండి. నీళ్లు మోసే స్త్రీలతో కలిసి మే నెలలో కొలవండి, వానాకాలంలో కాదు. ఏ పథకం కాగితంలోనైనా నీటి కొలత ఏ నెలలో తీశారో అడగండి. నీటి కమిటీలో పేర్లున్న స్త్రీలకు ఆ సంగతి తెలుసో లేదో కనుక్కోండి. ఊటకు పైన ఉన్న ఇళ్లకు ఏం చేస్తారన్నది పథకం మొదలయ్యేముందే తేల్చండి. సామూహిక హక్కుల దరఖాస్తుల్లో ఊటను, దాని పై కొండను పేరు పెట్టి రాయించండి. సిక్కింలో 2008 నుంచి 'ధార వికాస్' పేరుతో, ఉపాధి హామీ పనుల కింద కొండ పైన కందకాలు తవ్వి, ఎండిపోతున్న ఊటలకు మళ్లీ నీళ్లు తెప్పించిన అనుభవం ఉంది. అటువంటి పనులు మన కొండల్లోనూ కావాలి. అయితే కందకం తవ్వే కూలీ స్త్రీ అయి, కందకం ఎక్కడ తవ్వాలో నిర్ణయించేది మళ్లీ అక్టోబరులో వచ్చే ఉద్యోగి అయితే మనం మొదటికే వచ్చినట్టు.

షెడ్యూల్డు ప్రాంతం సరిహద్దుకు బయట, మైదానం అంచున ఉన్న ఆదివాసీ గూడేలను కూడా మరిచిపోకూడదు. పెసా అక్కడ వర్తించదు. కానీ అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. వాళ్ల కోసం పనిచేసే సంస్థలు తక్కువ. ఆ ప్రాంతాల నుంచి మాకు ఇంతవరకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు.

మొన్న మళ్లీ ఆ కొండ ఎక్కాను. ఆ పెద్దామెకు ఇప్పుడు చూపు తగ్గింది. నీళ్లకు వెళ్లడం మానేసింది. ఆ గొడవ రోజు కడుపులో ఉన్న మనవరాలు చిన్న బిందె పట్టుకుని తల్లి వెంట వెళుతోంది. దరఖాస్తు సంగతి ఏమైందని అడిగాను. "కాగితం ఆఫీసులో ఉందమ్మా, నీళ్లు ఇక్కడే ఉన్నాయి. మేం చూసుకుంటన్నాం" అంది. చూసుకుంటున్నారు, నిజమే. ఎప్పటినుంచో చూసుకుంటూనే ఉన్నారు. ఆ మాట విని మనం నిశ్చింతగా ఉండిపోవచ్చు, ఇన్నేళ్లూ అలాగే ఉన్నాం. ఆ పిల్ల బడికి వెళ్లాల్సిన పొద్దుటిపూట బిందెతో ఎదురైంది కాబట్టి నాకు అది సాధ్యం కాలేదు.

మీ ప్రాంతంలోని ఊటల గురించి, అక్కడి స్త్రీల అనుభవాల గురించి మాకు రాయండి. వచ్చే సంచికలో ఈ చర్చ కొనసాగిద్దాం.